ఆయిల్ దిగింది, సర్‌చార్జీ దిగలేదు

ఆ ఏడాది నేను ఒక తప్పు చేశాను. కానీ నా లెక్క తప్పు కాదు. ఈ రెండూ వేర్వేరు విషయాలని మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు. అందుకే జరిగింది జరిగినట్టు, వరుసగా రాస్తున్నాను.

పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా పూర్తి చేసి, సారపాకలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో చేరాను. కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర తోలే లారీలను కుదిర్చే ఆఫీసు అది. ఏ తోట నుంచి ఎన్ని కిలోమీటర్లు, దారి తారా మట్టా, వానాకాలంలో ఎన్ని చోట్ల బండి దిగబడుతుంది, టన్నుకు కిరాయి ఎంత అన్నవి తేల్చడం నా పని. చేరిన మొదటి నెలలోనే కిరాయికి ఒక సూత్రం కట్టాను. దూరాన్ని మైలేజీతో భాగిస్తే లీటర్లు వస్తాయి. లీటరు డీజిల్‌కు ఎంత పెరిగిందో దాంతో గుణించి, లోడు టన్నులతో భాగిస్తే టన్ను కిరాయి ఎంత మారాలో వస్తుంది. కాగితం మీద చాలా శుభ్రంగా ఉంది. సొంత లారీ ఉన్న ఒక పెద్దాయన దాన్ని నా చేత రెండుసార్లు చదివించుకుని అడిగాడు.

"సారూ, గీ లెక్కల నా బండి పోయేటప్పుడు గూడ కర్రేసుకొనే పోతున్నదా?"

"లేదు, ఖాళీగా పోతది."

"ఖాళీ బండి, నిండు బండి ఒక్కతీర్గ తాగుతయా మరి? నువ్వు చదివిన కాలేజీల గట్లనే చెప్పిన్రా?"

అందరూ నవ్వారు. ఆ రోజే సూత్రంలో రెండు మైలేజీలు పెట్టాను, పోయేదానికి ఒకటి, వచ్చేదానికి ఒకటి. అప్పటి నుంచి ఆ సూత్రం మీద ఎవరూ పేచీ పెట్టలేదు.

లారీలను తూచే కాటా పక్కన గోడకు ఒక నల్లబోర్డు ఉండేది. బంకులో డీజిల్ ధర మారిన పొద్దున అందరూ దాని ముందు నిలబడాలి. కిరాయి పెరిగితే ఆ కొత్త అంకె మా ఆఫీసు వాళ్ళు రాయాలి, తగ్గితే లారీల వాళ్ళు రాయాలి. ఎవరి జేబుకు నష్టమో వాళ్ళే సుద్దముక్క పట్టుకోవాలన్నమాట. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు, నేను చేరేనాటికే ఉంది. డీజిల్ తగ్గిన రోజు ఆ పెద్దాయనే వచ్చి, వంకరటింకర అక్షరాలతో తన కిరాయిని తానే తగ్గించి రాసి, చేతులు దులుపుకుని, "ఇగ చాయ్ తాపియ్యి సారూ, బీదోణ్ణయిన" అన్నాడు. ఆయన సణగడం నేను వినలేదు. పెరిగినప్పుడు మా యజమానీ సణగలేదు. ధర అంటే ఇలా ఉండాలని అప్పుడు అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

మా అక్క భద్రాచలంలో ఒక మిషన్ దవాఖానాలో స్టాఫ్ నర్సు. ఎనిమిదేళ్ళు చేసింది. ఏడాదికోసారి కాంట్రాక్టు కాగితం మీద సంతకం, అంతే. పేరుకైనా ఒక మెట్టు పైకి ఎక్కించలేదు. రాత్రి డ్యూటీలు ఎక్కువ, సెలవులు తక్కువ, కొత్తగా వచ్చిన ప్రతి డాక్టరుకూ ఏ మందు ఏ బీరువాలో ఉందో చెప్పడం ఆమె పని. రెండు వేల ఎనిమిదిలో ఎవరికీ చెప్పకుండా హైదరాబాదు వెళ్ళి ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చింది. గల్ఫ్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రి. ఎంపికైంది. ఆగస్టు మొదట్లో వీసా కాగితం వచ్చింది. అందులో ఒక తారీఖు ఉంది. అక్టోబరు చివరి వారంలోని ఆ తారీఖు లోపల ఆ దేశంలో అడుగుపెట్టాలి. ఒక్క రోజు దాటినా వీసా చెల్లదు, ఉద్యోగం వేరొకరికి పోతుంది. టికెట్ ఎవరిది వాళ్ళే కొనుక్కోవాలి.

ఖమ్మం స్టేషన్ రోడ్డులో ఒక ట్రావెల్స్ ఆఫీసు ఉంది. అక్కడికి ఇద్దరం వెళ్ళాం. ఆఫీసు నడిపే ఆయన కంప్యూటరులో చూసి ధర చెప్పాడు. నేను విడివిడిగా రాసివ్వమన్నాను. కాగితం మీద మూడు వరుసలు రాశాడు: టికెట్ మూల ధర, ఇంధనం పేరుతో అదనంగా వేసే ఫ్యూయల్ సర్‌చార్జీ, పన్నులు. రెండో వరుస మొదటి వరుస కన్నా పెద్దది.

"మనిషి కన్నా నూనె బరువున్నదే" అన్నాను.

"క్రూడ్ ఆయిల్ ధర సూడలేదా తమ్మీ? నూట నలభై డాలర్లు దాటింది గద. విమానం నీళ్ళ మీద నడుస్తదా?"

"దాటింది. ఇప్పుడు దిగుతున్నది. రోజూ పేపర్ల చూస్తున్న."

"సిస్టర్‌కు ఇయ్యాలనే బుక్ చెయ్యమంటవా, ఆగమంటవా?"

అక్క నా వైపు చూసింది. మా ఇంట్లో యంత్రాలకూ, దరఖాస్తులకూ, లెక్కలకూ నేనే పెద్ద దిక్కు. దవాఖానాలో ఆమె నోటీసు ఇచ్చి సెప్టెంబరు మధ్య దాకా పని చేయాలి. అంటే ఆ లోపల ఎలాగూ వెళ్ళడం కుదరదు. చేతిలో సమయం ఉంది, క్రూడ్ దిగుతోంది. నేను "ఆగుదాం" అన్నాను. అక్క "సరే" అంది. అంతే. చర్చ జరగలేదు.

ఆ రోజు నుంచి పేపరు వ్యాపారం పేజీలో క్రూడ్ ధర చూసి గ్రాఫు కాగితం మీద నల్ల చుక్క పెట్టేవాణ్ణి. వారానికోసారి ట్రావెల్స్‌కు ఫోన్ చేసి సర్‌చార్జీ అడిగి, ఎర్ర సిరాతో ఇంకో చుక్క. పాత పేపర్లు వెతికి, అంతకుముందు రెండూ పెరిగిన నెలల చుక్కలు కూడా పెట్టాను. నల్ల గీత కొండ దిగినట్టు దిగుతూ వచ్చింది. ఎర్ర గీత స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా ఉండిపోయింది. కొంత ఆలస్యం ఉంటుందని నాకు తెలుసు. నూనె కొని, శుద్ధి చేసి, విమానంలో పోసేసరికి కొన్ని వారాలు పడుతుంది. ఆ ఆలస్యానికి నేను నాలుగు వారాలు వేసుకున్నాను. నాలుగు వారాలు గడిచాయి. ఇంకో రెండు కలిపాను.

అమ్మ రాత్రి ప్రార్థనలో కొత్త మాట చేర్చింది. "ప్రభువా, నా బిడ్డ ప్రయాణం, గా నూనె ధర, రెండూ నీ చేతులల్లనే పెడుతున్న" అని.

"నూనె ధర దిగిందమ్మా. ఆయన పని ఆయన చేసిండు. దిగనిది కంపెనీ" అన్నాను.

"గట్ల మాట్లాడకురా. ఆమెన్ అను ముందు."

విమాన కంపెనీకి ఫోన్ చేశాను. అడగాల్సినవి ముందే రాసుకున్నాను. సర్‌చార్జీని ఏ ధరతో ముడిపెట్టారు, క్రూడ్‌తోనా విమాన ఇంధనంతోనా? పెంచడానికి ఎంత పెరగాలి, తగ్గించడానికి ఎంత తగ్గాలి? తగ్గించే రోజు ఎవరు నిర్ణయిస్తారు? ఫోన్లో అమ్మాయి చాలా మర్యాదగా, "సర్, అది కంపెనీ పాలసీ" అంది. రెండో ప్రశ్నకూ అదే జవాబు. మూడో ప్రశ్న అడగబోతుంటే ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగింది. ఇప్పటిదాకా ఏ సహాయం చేశారో చెప్పమన్నాను. లైను కట్ అయింది.

ఆఫీసులో ఈ సంగతి చెబితే లారీ పెద్దాయనకు ఒక పట్టాన అర్థం కాలేదు.

"అంటే వాళ్ళ బోర్డు ఏడుంటది సారూ?"

"బోర్డు లేదు."

"మరి తగ్గినప్పుడు ఎవ్వలు రాస్తరు?"

"అదే నేను అడుగుతున్న."

"గట్లయితే ఇంకెట్ల తగ్గుతది?" అని బీడీ వెలిగించుకున్నాడు. ఆయన ఒక్క నిమిషంలో తేల్చింది నాకు ఇంకో మూడు వారాలకు గానీ అర్థం కాలేదు. దీన్నే నేను నా తప్పు అంటున్నాను. మా కాటా దగ్గరి న్యాయం లోకమంతా అమల్లో ఉందని నమ్మాను. నూనె పేరు పెట్టి వసూలు చేసేది నూనెతో పాటే కదులుతుందని నమ్మాను. సారపాకలో పనిచేసేవాడు తప్ప ఇంకొకడు ఈ తప్పు చేయడు.

సెప్టెంబరు మధ్యలో అక్క ఉద్యోగం వదిలింది. దవాఖానాలో కేకు కోశారు, చీర పెట్టారు, ఆమె బీరువా తాళాలు ఇంకొకరికి ఇచ్చారు. రంజాన్ పండుగ అయిపోయింది. అక్టోబరు రెండో వారంలో ఒక పొద్దున నేను కాటా దగ్గర చీటీలు చూస్తుంటే అక్క ఆటో దిగింది. అక్క మా ఆఫీసుకు రావడం అదే మొదటిసారి.

"తమ్మీ, ఇటు రా."

"ఏందక్కా, గీడిదాకా వచ్చినవ్?"

"ట్రావెల్స్ ఆయన ఫోన్ చేసిండు. పండుగకు ఇంటికొచ్చినోళ్ళంత వాపస్ పోతున్నరంట. హైదరాబాద్ నుంచి సీట్లు లేవు. నా తారీఖు దాటినంక గాని లేవంట."

నేను వెంటనే నోరు తెరిచి, "కానీ క్రూడ్ దాదాపు సగానికి..." అన్నాను. ఆ మాట ఎందుకు అన్నానో నాకు ఇప్పటికీ తెలియదు.

అక్క గొంతు పెంచలేదు. వార్డులో రోగి బంధువులతో మాట్లాడినట్టే మాట్లాడింది. "నేను ఉన్న నౌకరి వదిలిన. తాళాలు ఇచ్చేసిన. మళ్ళ పోయి అడిగితే వాళ్ళు తీసుకోరు, తీసుకున్నా నేను పోను. ఎనిమిదేండ్లకు ఒక్కసారి తలుపు తెరుచుకున్నది. నువ్వు ఆగుమన్నవని ఆగిన. నా పైసలు మిగులుతయని నువ్వు ఆగుమన్నవా, లేకపోతే నీ గీత కరెక్టని చూపియ్యనీకి ఆగుమన్నవా?"

లారీల దగ్గరి నుంచి పెద్దాయన ముందుకు వచ్చాడు. "అమ్మా, సారు లెక్క మంచిదేనమ్మా. మేమందరం ఒప్పుకున్న లెక్క."

"లెక్క మంచిదే పెద్దాయనా. విమానమోళ్ళు ఒప్పుకున్నరా మరి?"

ఆయన తల గోక్కుని నా వైపు చూశాడు. నేను చీటీలు అక్కడే పెట్టి, సెలవు అడగకుండానే అక్క వెంట ఖమ్మం బస్సెక్కాను. ఆమె దారిలో ఏన్కూరు దాటాక సంచిలోంచి వీసా కాగితం తీసి, తారీఖు మీద వేలు పెట్టి, మళ్ళీ మడిచి లోపల పెట్టింది. నన్ను తిట్టడానికి ఆ వేలు చాలు.

ట్రావెల్స్ ఆయన మమ్మల్ని చూడగానే కుర్చీలు చూపించాడు. హైదరాబాదు నుంచి లేదు. ముంబయి నుంచి లేదు. చాలాసేపు వెతికి, చెన్నై నుంచి ఒక్క సీటు పట్టాడు, వీసా గడువుకు రెండు రోజుల ముందు. ఖమ్మంలో చెన్నై రైలు ఎక్కితే సరిపోతుంది. ధర చెప్పాడు. మూల ధర ఆగస్టు కన్నా పెరిగింది. సర్‌చార్జీ ఆగస్టులో ఎంతో అంతే.

నేను గ్రాఫు కాగితం తీసి బల్ల మీద పరిచాను. "ఇదీ క్రూడ్. ఇదీ మీ సర్‌చార్జీ. పైకి పోయేటప్పుడు రెండూ చెయ్యి చెయ్యి పట్టుకుని పోయినయ్. కిందికి వచ్చేటప్పుడు ఒక్కటే వస్తున్నది. ఎందుకు?"

"నన్నడిగితే ఏం చెప్పాలె తమ్మీ? వాళ్ళు నూనె ముందే ఎక్కువ ధరకు కొని పెట్టుకున్నరంట. అందుకే తగ్గించలేమంటున్నరు."

"మరి పెరుగుతున్నప్పుడు? అంతకుముందు తక్కువ ధరకు కొన్నది అప్పుడు వాడలేదా? అప్పుడు పొద్దున పెరిగితే మాపటికి సర్‌చార్జీ పెంచిన్రు గద!"

ఆయన కాసేపు కాగితం చూశాడు. లేచి వెళ్ళి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. ఆ తర్వాత ఆయన చెప్పిన మాటలు నాకు అక్షరం అక్షరం గుర్తున్నాయి.

"చూడు తమ్మీ, గది నూనె కాదు. గది పేరు. టికెట్ ధర పెంచితే జనం కంపెనీని తిడ్తరు. నూనె అని రాస్తే నూనెను తిడ్తరు. ఇంకోటి చెప్పాల్నా? నాకు కమీషన్ మూల ధర మీదనే వస్తది, సర్‌చార్జీ మీద రాదు. కాగితం మీద మొదటి వరుస చిన్నగ, రెండో వరుస పెద్దగ ఎందుకున్నదో ఇప్పుడు సమజైందా? టికెట్ రద్దు చేసుకుంటే మూల ధరల కొంతన్న వాపస్ వస్తది. గీ సర్‌చార్జీ వాపస్ కోసం నేను ఎందరితోని కొట్లాడిన్నో నాకే తెలుసు."

"ఎక్కని మనిషి పేరు మీద ఏ నూనె కాలిందన్నా? మా దగ్గర లోడు ఎత్తని బండికి డీజిల్ పైసలు ఇయ్యరు. అడగరు గూడ."

"మీ దగ్గర లారీలోళ్ళు ఎదురుంగ నిలబడ్తరు. గీడ ఎవ్వలు నిలబడ్తరు?"

"నేను నిలబడ్త" అన్నాను. ఆ టికెట్ తీసుకోవద్దని, ఇంకొక కంపెనీ చూడమని, లేకపోతే లిఖితపూర్వకంగా లెక్క ఇచ్చేదాకా డబ్బు కట్టేది లేదని చెప్పడం మొదలుపెట్టాను. నా గొంతు నాకే పెద్దగా వినపడింది. పక్క దుకాణం నుంచి ఎవరో వచ్చి తలుపు తోసి చూశారు.

అక్క పర్సు తెరిచి డబ్బు బల్ల మీద పెట్టింది. ఆమె డబ్బు, ఎనిమిదేళ్ళ రాత్రి డ్యూటీల డబ్బు.

"అన్నా, టికెట్ కొట్టు" అంది.

"అక్కా, ఇది అన్యాయం."

"అవ్, అన్యాయమే. తెలిసే కడ్తున్న. నువ్వు నిలబడుతా అంటున్నవ్, నిలబడు. కానీ నా వీసా మీద కాళ్ళు పెట్టి నిలబడకు. నీ కాళ్ళ మీద నిలబడు."

ప్రింటరు చప్పుడు చేస్తూ కదిలింది. ట్రావెల్స్ ఆయన నా గ్రాఫు కాగితం జాగ్రత్తగా మడిచి నా చేతికిచ్చాడు. ఆయన ముఖంలో ఎగతాళి లేదు. టికెట్ అక్క చేతిలో పెట్టి, "సిస్టర్, మీ తమ్ముడు చెప్పింది నిజమే. కానీ విమానం నిజం చూసుకుంట ఆగది" అన్నాడు.

"ఒక తెల్ల కాగితం ఉంటే ఇయ్యి" అని అడిగింది అక్క. ఆయన ఇచ్చాడు. దాన్ని నా ముందుకు తోసింది. "నీ మూడు ప్రశ్నలు రాయి. నీ పేరు మీద రాస్తే నువ్వెవరని అడుగుతరు. టికెట్ నాది. నేను సంతకం పెడ్త."

అక్కడే కూర్చుని రాశాను. ఏ ధరతో ముడిపెట్టారు, ఎంత తగ్గితే తగ్గిస్తారు, ఎవరు రాస్తారు. అక్క చదివి, కింద తన చేత్తో ఇంకొక వాక్యం చేర్చింది: "ఈ సొమ్ము నేను ఒప్పుకుని కట్టలేదు, వేరే దారి లేక కట్టాను." సంతకం పెట్టింది. ట్రావెల్స్ ఆయనే స్టాంపు అంటించి పోస్టులో వేస్తానన్నాడు.

ఖమ్మం ప్లాట్‌ఫారం మీద అమ్మ అక్క తల మీద చేయి పెట్టి ప్రార్థన చేసింది. ఈసారి నూనె ఊసు ఎత్తలేదు. రైలు కదిలే ముందు అక్క కిటికీ దగ్గరికి నన్ను పిలిచి, "నీ మీద కోపం పోలేదు. పోయినంక చెప్త" అంది. రెండు రోజులు నేను అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు మధ్యాహ్నం, కాటా మీద లారీ ఉండగా ఫోన్ వచ్చింది. లైనులో గరగర.

"వచ్చిన. ఎయిర్‌పోర్టుల ఆయన తారీఖు రెండుసార్లు చూసిండు. ముద్ర గుద్దిండు."

"దవాఖానా?"

"రేపు చేర్తున్న. పిల్లల వార్డు. ఇరవై మంచాలు. చార్జి నాది."

కాటా మీది లారీలోంచి పెద్దాయన తల బయటికి పెట్టి, నా ముఖం చూసి, "అడుగు పెట్టిందా బిడ్డ?" అని అడిగి, నేను తల ఊపగానే హారన్ గట్టిగా కొట్టాడు.

డిసెంబరు నాటికి క్రూడ్ ఇంకా కిందికి పడిపోయింది. కంపెనీలు సర్‌చార్జీని కొద్దికొద్దిగా దించాయి, పేపర్లలో అదొక పెద్ద దయ లాగా వార్తలు వేయించుకున్నాయి. ఎక్కినంత మేరకు దిగనే లేదు. మా ఉత్తరానికి జవాబు వచ్చింది, అక్క పేరు మీద, మా ఇంటికి. రెండు వాక్యాలు. మార్కెట్ పరిస్థితులను బట్టి నిర్ణయిస్తామన్నది మొదటిది, మీ ప్రయాణం సుఖంగా సాగిందని ఆశిస్తున్నామన్నది రెండోది. నా మూడు ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు లేదు. మళ్ళీ రాశాను. మళ్ళీ అవే రెండు వాక్యాలు వచ్చాయి. ఇంకోసారి రాశాను. ఆఫీసులో వాళ్ళు, అమ్మ, చర్చిలో అయ్యగారు కూడా, పోనీలే అన్నారు. దేన్ని పోనివ్వాలి? తప్పు నాది ఎంత ఉందో అంత నేను ఒప్పుకున్నాను, అక్క ముందు, లారీల వాళ్ళ ముందు. వాళ్ళది ఎంత ఉందో వాళ్ళు ఒప్పుకోవాలి. ఒకరి తప్పు ఇంకొకరి తప్పును కొట్టేయదు.

ఏడాది తర్వాత అక్కకు మొదటి సెలవు దొరికింది. ఏ నెలలో వస్తుందో, ఎప్పుడు కొనాలో నేను చూస్తానని చెబుదామని ఫోన్ చేశాను.

"కొన్న" అంది.

"అప్పుడేనా? ధర చూసినవా?"

"చూసిన. సర్‌చార్జీ ఉన్నది. కట్టిన." వెనకాల పసిపిల్ల ఏడుపు వినపడుతోంది. ఆమె ఎవరికో ఏదో చెప్పి మళ్ళీ ఫోన్లోకి వచ్చింది. "నా పని అయిపోయింది తమ్మీ. టికెట్ నంబరు చెప్తున్న, కాగితం తీసుకో. ఇగ కంపెనీకి నువ్వు రాయి."